అరవై రెండు వేళ్లు

విశాఖపట్నం,
28 జూన్ 2025

కృపావతి పిన్నికి,

ఈ ఉత్తరం ఈరోజే రాయాలి. వానలు పట్టాయి, ఇంకో పది రోజుల్లో మన పనసగరువులో జ్వరాలు మొదలవుతాయి. ఆశ కార్యకర్తవి గనక జ్వరం వచ్చినవాళ్లకి నువ్వే మాత్రలిస్తావు. ఆ మాత్రల్లో ఒకటి మన ఊళ్లో కొందరి ప్రాణానికి ముప్పు. ఆ సంగతి నిన్న సాయంత్రం ల్యాబులో తేలింది. ఫోను చేద్దామంటే సిగ్నలు కోసం నువ్వు మెట్ట ఎక్కాలి, ఎక్కినా సగం మాట గాలికి పోతుంది. అందుకని నేను హాస్టల్లో చదువుకున్న రోజుల్లోలాగా కాగితం మీద పెడుతున్నాను. రెండుసార్లు చదువు.

పోయిన నవంబరులో మా యూనివర్సిటీ వాళ్లు మన ఊరొచ్చి, అరవై రెండుమంది వేళ్లు పొడిచి, రక్తపు చుక్కలు దళసరి కాగితం మీద ఆరబెట్టి తెచ్చుకున్నారు కదా. పరీక్ష ఉండి నేను రాలేకపోయాను, నువ్వే దగ్గరుండి జరిపించావు. ఆ చుక్కల్లోంచి డీఎన్ఏ తీసి చూడడమే ఆరు నెలలుగా నా పని. అరవై రెండింటిలో ఏడింట్లో ఒక లోపం కనిపించింది. ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైము ఒకటుంటుంది. ఈ ఏడుగురిలో అది చాలినంత లేదు. ఇది సికిల్ సెల్ కాదు, రెండూ కలిపెయ్యకు. వీళ్లు కొండెక్కుతారు, కట్టెలమోపు మోస్తారు, లోపం ఉన్నట్టే ఎవరికీ తెలియదు. కానీ మలేరియాకి నువ్విచ్చే పద్నాలుగు రోజుల మాత్ర ఉంది చూడు, ప్రైమాక్విన్, అది పడితే రెండు మూడు రోజుల్లో వీళ్ల ఎర్ర కణాలు పగిలిపోతాయి. మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో వస్తుంది. ఆ రోజే మాత్ర ఆపకపోతే మనిషి దక్కకపోవచ్చు.

ఇంకో మాట. మగపిల్లలకి ఇది తల్లి నుంచే వస్తుంది, తండ్రి నుంచి రాదు. ఎందుకో ఇంటికొచ్చినప్పుడు బొమ్మ గీసి చెప్తాను.

ఆ ఏడుగురి పేర్లు చెప్పమంటావని తెలుసు. కాగితాల మీద నంబర్లే తప్ప పేర్లుండవు. ఏ నంబరు ఎవరిదో చెప్పే పుస్తకం మా ప్రాజెక్టు పెద్ద ధర్మతేజ సార్ బీరువాలో ఉంది. ఫలితాలు ఊరికి చెప్పాలంటే యూనివర్సిటీ ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలి. సార్ అర్జీ పెట్టారు, రెండు వారాల్లో అయిపోతుందన్నారు. అప్పటిదాకా మాత్ర వేసుకునేవాళ్ల మూత్రం రోజూ చూసే నీ అలవాటు మానకు. ఆరోగ్య కేంద్రంలో కూడా ఈ సంగతి చెప్పు.

నేను బాగానే ఉన్నాను. మెస్సులో వారానికి ఐదు రోజులు ఉప్మా. సామల అన్నం కలలోకి వస్తోంది. ల్యాబులో నాకిచ్చిన తెల్లకోటులో నాలాంటివాళ్లు ఇద్దరు పడతారు. సుక్రు సూది లేని సిరంజి అడిగాడు, నీళ్లు చిమ్ముకోడానికట. రెండు పంపుతున్నాను, ఒకటి మీ మల్లేశుకి. ఒకటే పంపితే అన్న కొడుకూ నీ కొడుకూ కొట్టుకు చస్తారు.

నీ గుంటపిల్ల,
నిర్మల

పనసగరువు,
9 జూలై 2025

నిర్మలకి పిన్ని రాసేది. ప్రభువు నిన్ను తన రెక్కల కింద దాచాలని రోజూ అడుగుతున్నాను.

నీ ఉత్తరం సంత జీపులో అందింది. ఒకసారి నేను చదువుకున్నాను. రెండుసార్లు చదవమన్నావు కదా, రెండోసారి కుళాయి దగ్గర ఆడవాళ్లందరికీ పైకి చదివాను. ఇలాంటి సంగతి నలుగురికీ తెలియాలి. మీ వదిన గంగ కూడా ఉంది. తల్లి నుంచి వస్తుందన్న చోట, దారిన పోతున్న ఫల్గుణ ఆగాడు.

"నాను ఎప్పుడో సెప్పినాను. ఏటి పాడొచ్చినా ఆడోళ్ల పక్కనించే వత్తాది" అని నవ్వాడు.

"మరి నువ్వు ఏ పక్కనించి వచ్చినావురా?" అంది గంగ.

బిందెలు వదిలేసి నవ్వాం. వాడు వచ్చిన దారినే పోయాడు. మీ వదిన నోటి ముందు ఎవరు నిలుస్తారు?

నువ్వు చెప్పమన్నట్టే ఆరోగ్య కేంద్రంలో ఏఎన్ఎం జయశ్రీకి చెప్పాను. ఆమె తల పట్టుకుంది. "పద్నాలుగు రోజులూ వేయించకపోతే జ్వరం మళ్లీ మళ్లీ తిరగబెడుతుంది కృపావతీ. మీ అమ్మాయి ఉత్తరం రాసిందని ఆపేశానని నేను పైకి ఎలా రాయను? సంతకం పెట్టిన కాగితమేదైనా పంపించమను" అంది. ఆమెని అని లాభం లేదు.

నా పద్ధతి నేను మానలేదు. మాత్ర వేసుకునే ప్రతి మనిషీ పొద్దున్నే గాజుగ్లాసులో పోసి గుమ్మం దగ్గర పెట్టాలి. వెలుతురుకి పట్టి చూస్తాను. రంగు బాగుంటేనే ఆ రోజు మాత్ర చేతికిస్తాను. ఊళ్లో నాకు గ్లాసు ఆశమ్మ అని పేరు పెట్టారు. నిన్న స్వామి తాత, "ఒలే కృపా, రంగే సూత్తన్నావు, రుసి సూడవేటి?" అన్నాడు. సుక్రుగాడు నువ్వు పంపిన సిరంజి పట్టుకొచ్చి, "గ్లాసెందుకు మామ్మా, నాను అంత దూరం నించే కొడతాను, సూడు" అన్నాడు. నవ్వొచ్చినా చెవి మెలిపెట్టాను.

కానీ నిర్మలా, నా మోకాళ్లు అయిపోయాయి. పైవీధి నుంచి కిందివీధికి దిగడం, మళ్లీ ఎక్కడం. వానకి రాళ్లు జారుతున్నాయి. పోయిన వారం పడ్డాను, దెబ్బ తగల్లేదు. ఆ ఏడు పేర్లు తెలిస్తే ఏడు ఇళ్లు చూసుకుంటాను. మీ వాళ్లు వచ్చిన రోజు అరవై రెండులో ఒక్క వేలు తగ్గకుండా నింపి పంపాను. ఏ ఊళ్లోనూ ఇలా పూర్తి కాలేదని మీ సార్ మెచ్చుకున్నారని నువ్వే రాశావు. ఆ ఉత్తరం బైబిల్లో దాచుకున్నాను. అంత చేసిన మనిషికి ఏడు పేర్లు చెప్పకూడదా?

మీ పిన్ని,
కృపావతి

విశాఖపట్నం,
18 జూలై 2025

పిన్నికి,

నువ్వు పడ్డావని చదివాక నాకు అన్నం దిగలేదు.

కమిటీ సంగతి చెప్తాను, నీకు నమ్మకం కలగదు. మొదటి మీటింగుకి బయటి సభ్యుడు రాలేదు, ఆయన లేకపోతే లెక్కలోకి రాదు. రెండోసారి ఫైలే వెనక్కి వచ్చింది. ఫలితాలు తెలుగులో ఎలా చెబుతారో ఆ తెలుగు కాగితం జత చెయ్యలేదట. రాసి ఇచ్చాను. ఆ తెలుగు సరైనదేనని తెలుగు శాఖ ముద్ర కావాలన్నారు. తెలుగు శాఖ పెద్ద సెలవులో ఉన్నారు. రిజిస్ట్రారు ఆఫీసులో ఒకాయన నా మొహం చూసి, "ఎందుకమ్మా తొందర? అడివిలో వాళ్లు ఇన్నేళ్లూ బతకలేదా?" అన్నాడు. నేను ఆ అడివిలో దాన్నేనని ఆయనకి తెలుసో తెలియదో.

ధర్మతేజ సార్ మంచివారే. "మనం పేర్లు బయటపెట్టం అని మాటిచ్చి రక్తం తీసుకున్నాం నిర్మలా. ఆ మాట తప్పితే రేపు ఏ ఊరూ వేలివ్వదు" అన్నారు. అది నిజమే. నేనూ సంతకం పెట్టాను.

కానీ జనవరిలో ఆ నమోదు కాగితాలన్నీ కంప్యూటర్లో ఎక్కించింది నేనే. పేర్లూ నంబర్లూ పక్కపక్కన రాసుకున్న చిత్తు పుస్తకం తిరిగి ఇచ్చెయ్యాలి. ఇవ్వలేదు. నిన్న పెట్టె అడుగు నుంచి తీశాను. అంతకుముందు మూడు రోజులు ఆలోచించాను పిన్నీ. ఒక పక్క నా సంతకం, ఇంకో పక్క జారే రాళ్ల మీద నువ్వు.

ఏడు పేర్లు విడి కాగితం మీద ఉన్నాయి. నువ్వు తప్ప ఎవరూ చూడకూడదు, జయశ్రీ గారికి కూడా చూపించకు. వాళ్లకి జ్వరం వస్తే పద్నాలుగు రోజుల మాత్ర ఇవ్వకుండా హుకుంపేట ఆస్పత్రికి పంపించు. మిగతా యాభై ఐదుగురికీ భయం లేకుండా ఇవ్వు. గ్లాసు పట్టుకుని వాళ్ల గుమ్మాలు ఎక్కనక్కర్లేదు. అసలు రక్తం ఇవ్వనివాళ్లకి మాత్రం గ్లాసు మానకు. మన ఇంట్లో అన్నదీ సుక్రుదీ రెండూ బాగున్నాయి. వదిన పేరు ఆ జాబితాలోనే పడలేదు.

మోకాళ్లకి నూనె రాసుకో. కొన్నాళ్లు పైవీధికి వెళ్లకు.

నిర్మల

పనసగరువు,
2 ఆగస్టు 2025

నిర్మలా,

నీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. దేవుడు నీ చదువుని మన ఊరికి వాడుకుంటున్నాడు. మీ అమ్మ పోయినప్పుడు నీకు ఆరేళ్లు. నిన్ను ఆశ్రమ పాఠశాలలో దింపి వస్తుంటే జీపు వెనకాల పరిగెత్తావు. ఆ రోజు నేను చేసింది తప్పేమోనని ఏడ్చాను. ఇప్పుడు ఏడవను.

ఏడు పేర్లూ కంఠతా పట్టి కాగితం పొయ్యిలో వేశాను. ఇద్దరికి జ్వరం వచ్చింది, నువ్వు చెప్పినట్టే ఆస్పత్రికి పంపాను. "మమ్మల్నే ఎందుకు పంపుతన్నావు? మాకేటైనాదా?" అని గొడవ చేశారు. డాక్టరు చెప్పాడని అబద్ధం ఆడాను.

మిగతా ఇళ్లకి పొద్దున్నే తిరగడం మానేశాను. నాలుగు రోజుల మాత్రలు ఒక్కసారే లెక్కపెట్టి ఇచ్చేస్తున్నాను. మోకాలి వాపు దిగింది. పోయిన ఆదివారం చర్చిలో మోకాళ్ల మీద కూర్చోగలిగాను.

సుక్రుకి చలిజ్వరం పట్టుకుంది. సోమవారం పొడిచి చూశాను, మలేరియా. మామూలు మాత్రలు వేశాక జ్వరం తగ్గింది. మొన్నటి నుంచి పద్నాలుగు రోజుల మాత్ర మొదలుపెట్టాను. నువ్వు బాగుందన్నావు కదా, బెంగ లేదు. చేదని ఉమ్మేస్తున్నాడు. మల్లేశు బెల్లం ముక్క చూపించి, "బాబాయీ అని పిలు, ఇత్తాను" అంటాడు. వీడు పన్నెండేళ్లవాడు, వాడు తొమ్మిదేళ్లవాడు, వరస మాత్రం బాబాయే. వాడు పిలవడు. "నువ్వు బాబాయివేటి, నీ ముక్కు నువ్వే తుడుసుకోలేవు" అంటాడు. నీరసంగా ఉన్నా నోరు తగ్గలేదు, తల్లి పోలిక.

రేపో ఎల్లుండో లేచి తిరుగుతాడు. నీకు ఏం కావాలో రాయి, సంత జీపులో పంపుతాను. రాగిపిండి దంచి పెట్టాను.

మీ పిన్ని,
కృపావతి

విశాఖపట్నం,
13 ఆగస్టు 2025

పిన్నీ,

రేపో ఎల్లుండో లేచి తిరుగుతాడని నువ్వు రాసిన ఉత్తరం, సుక్రుని పూడ్చి వచ్చిన మర్నాడు నాకు అందింది.

ఆరో తారీఖున అన్న ఆస్పత్రి నుంచి ఫోను చేసి, "సెల్లీ, గుంటడు నల్లగా పోసి పోనాడు" అన్నాడు. ఆ ఒక్క మాటే అన్నాడు. నాకు అంతా అర్థమైంది. ఏడో తారీఖున మట్టి వేసే వేళకి చేరాను. నువ్వు మీ గుమ్మంలోంచి చూశావు, బయటికి రాలేదు. నేనూ నీ దగ్గరికి రాలేకపోయాను. నా జాబితాని నమ్మి నువ్వు మాత్ర ఇచ్చావు. నా మొహం చూడాలని నీకెందుకుంటుంది?

సాయంత్రమే బయల్దేరి వచ్చేశాను. అందరూ తప్పనుకున్నారు. సుక్రు కాగితంలో ఇంకా రెండు చుక్కల రక్తం మిగిలి ఉంది, అది తప్ప నాకు ఇంకేమీ కనబడలేదు. మూడుసార్లు చేశాను. మూడుసార్లూ బాగానే ఉంది. బాగున్న రక్తం ఆ మాత్రకి పగలదు. ధర్మతేజ సార్ నా పక్కన నిలబడి చూశారు. "ఈ కాగితం మీద రక్తం ఆ పిల్లవాడిదేనా?" అన్నారు. నాకు ఒళ్లు మండింది. "మా పిన్ని ఒక్కొక్క వేలూ తన చేత్తో పట్టుకుంది సార్" అని అరిచాను. సార్ మీద అరవడం అదే మొదటిసారి.

అంటే తప్పు నా చేతుల్లోనే జరిగి ఉండాలి. కాగితంలోంచి ముక్క కత్తిరించేటప్పుడో నంబరు ఎక్కించేటప్పుడో ఒకరిది ఇంకొకరిదిగా మార్చేసి ఉంటాను. ఆరు నెలల పని మళ్లీ మొదటి నుంచి చూస్తున్నాను, ఎక్కడా దొరకడం లేదు.

అన్న ఆస్పత్రిలో డాక్టరుతో, మా చెల్లి యూనివర్సిటీ నుంచి జాబితా పంపింది, అందులో వీడు లేడు అన్నాడట. కాగితం సంగతి నువ్వే అన్నకి చెప్పి ఉంటావు, ధైర్యం చెప్పడానికి. నేను నిన్ను తప్పుపట్టడం లేదు. ఆ డాక్టరు యూనివర్సిటీకి రాశారు. రిజిస్ట్రారు ఆఫీసు నుంచి నాకు మెమో వచ్చింది. గోప్యంగా ఉంచాల్సిన పేర్లు ఎవరి అనుమతితో బయటపెట్టావో వారం రోజుల్లో చెప్పమన్నారు. మా ఫైలు నెలన్నర పట్టించుకోనివాళ్లు మెమో మాత్రం రెండు రోజుల్లో తయారుచేశారు.

ఆ నాలుగు రోజులూ ఏం జరిగిందో నాకు రాయి. గ్లాసు ఎందుకు చూడలేదని అడగను. చూడొద్దని రాసింది నేనే. ఒక్క ముక్క అయినా రాయి.

నిర్మల

పనసగరువు,
22 ఆగస్టు 2025

నిర్మలా,

నీ చేతుల్లో తప్పు జరగలేదు. ఇంక వెతకకు. ఆ రక్తం సుక్రుది కాదు, మా మల్లేశుది.

నువ్వు వచ్చిన రోజు నేను బయటికి రాకపోయింది నీ మీద కోపంతో కాదు. నీకు తెలిసిపోయిందనుకున్నాను. అందరి ముందూ అడుగుతావని భయపడి తలుపు చాటున నిలబడ్డాను.

నవంబరులో మీ వాళ్లు వచ్చిన రోజు కాఫీ కోత. ఊళ్లో సగంమంది తోటల్లో ఉన్నారు. గంగ సుక్రుని తీసుకుని పాచిపెంట వైపు వాళ్ల పుట్టింటికి వెళ్లింది. మీ అన్న బుధు పొద్దున్నే వేలు ఇచ్చి, సుక్రు తరఫున కూడా ఒప్పుదల కాగితం మీద వేలిముద్ర వేసి తోటకి పోయాడు. మీ వాళ్లు కంప్యూటర్లో తీసిన పేర్లు తెచ్చారు. ఆ పేరువాళ్లే కావాలన్నారు. నన్ను పిలవమన్నారు. పిలిచాను.

మన ఊరి పద్ధతి నీకు తెలుసు. దారి బాగుచెయ్యడానికైనా పండగ పనికైనా ఇంటికొకరిని పేరు పెట్టి పిలుస్తారు. బుధు అని పిలిస్తే బుధు లేకపోతే గంగ పలుకుతుంది. గంగ లేకపోతే మా ఇంట్లోంచి ఒకరు పలుకుతారు. పలికినవాళ్లు ఆ పేరు మీద పని చేసి వస్తారు. దాన్ని ఎవరూ అబద్ధం అనుకోరు. ఇల్లు పలికింది, అంతే. రక్తం రోజు కూడా అలాగే పలికారు. సుక్రు పేరు దగ్గర ఎవరూ పలకలేదు. మీ జీపువాళ్లు గడియారం చూసుకుంటున్నారు. మల్లేశు నా పక్కనే ఉన్నాడు. వీపు మీద చెయ్యి వేసి, "ఎల్లరా, పలుకు" అన్నాను.

"నాను సుక్రునేటి?" అన్నాడు.

"ఒక్క ఇంటి రగతమే గదరా. బేగి ఎల్లు" అన్నాను.

వాడు వెళ్లి వేలు చాపాడు. నీ పేరు నిలబెట్టాలన్న ఆత్రం తప్ప నా మనసులో ఇంకేమీ లేదు. మా అమ్మాయి ఊరు, ఒక్కటి కూడా తక్కువ కాకూడదు అనుకున్నాను.

నీ జాబితా వచ్చినప్పుడు ఇది గుర్తు రాలేదా అంటావు. వచ్చింది. మల్లేశుది బాగుంటే సుక్రుదీ బాగున్నట్టే అనుకున్నాను. మీ నాన్నా మీ చిన్నాన్నా ఒక తల్లి బిడ్డలు, ఒకే వంశం. తల్లి నుంచి వస్తుందని నువ్వు రాసిన మాట కుళాయి దగ్గర అందరికీ చదివి వినిపించింది నేనే. అది నా బుర్రకెక్కలేదు.

ఆ నాలుగు రోజులు అడిగావు. ఆదివారం మల్లేశు నవ్వుతూ వచ్చి, "అమ్మా, సుక్రుగాడు నల్లగా పోత్తన్నాడు, నేరేడుపళ్లు తిన్నాడేటో" అన్నాడు. నేను చర్చికి బయల్దేరుతున్నాను. వచ్చాక చూస్తానన్నాను. వచ్చేసరికి వాన. మర్నాడు ఇంకో ఊళ్లో టీకాలు. మంగళవారం పొద్దున్న గంగ కేకేస్తే వెళ్లాను. కళ్లు పసుపు, పెదవులు తెలుపు. గ్లాసు తెప్పించి చూశాను. డోలీ కట్టి మోశారు. గెడ్డ పొంగి ఉంది, నీళ్లు తగ్గేదాకా ఒడ్డున మూడు గంటలు కూర్చున్నాం. గంగ వాడి పాదాలు తన ఒళ్లో పెట్టుకుంది. బుధవారం ఆస్పత్రిలో రక్తం ఎక్కిస్తుండగా పోయాడు. సుక్రు నాతో ఆఖరున అన్న మాట, "మామ్మా, సలేత్తంది" అని.

ఇంకోటి కూడా చెప్పాలి. ఫల్గుణ, ఇంకొందరు కలిసి, తల్లి రక్తమే పిల్లవాణ్ని తిన్నదని అంటున్నారు. నిర్మల ఉత్తరంలో అలాగే రాసింది, ఆశమ్మే చదివింది అంటున్నారు. గంగ నోరెత్తలేదు. ఫల్గుణకి ఆ రోజు జవాబు చెప్పిన మనిషే. కర్మ రోజు అయ్యాక మూట కట్టుకుని పుట్టింటికి పోయింది. బుధు ఆపలేదు. వాడు కూడా నమ్ముతున్నాడో, మాట్లాడే ఓపిక లేదో.

నిర్మలా, ఇది నీకూ నాకూ దేవుడికీ మధ్య ఉండాలి. తెలిస్తే నా పని పోతుంది. పోలీసులు వస్తారా? మల్లేశు నన్ను, "నాను పలక్కపోతే సుక్రు బతికేవోడా?" అని అడుగుతున్నాడు. రాత్రి పక్క తడుపుతున్నాడు. ఊరికి తెలిస్తే వాడు ఎలా తిరుగుతాడు? సుక్రు ఎలాగూ తిరిగి రాడు. ఈ ఉత్తరం చదివి కాల్చెయ్.

నీ ముందు తలెత్తలేని,
పిన్ని

విశాఖపట్నం,
30 ఆగస్టు 2025

పిన్నీ,

నీ ఉత్తరం కాల్చలేదు. రెండు రోజులు తలకింద పెట్టుకున్నాను. మూడో రోజు ధర్మతేజ సార్‌కి చూపించాను. నీకు కోపం వస్తుంది. ముందు ఎందుకో విను.

కమిటీ ఒప్పుకుంది. నిజమే, ఇప్పుడు ఒప్పుకుంది. సుక్రు పోయాక అందరికీ కంగారు పుట్టింది, ఒక్క మీటింగులో సంతకాలు అయిపోయాయి. సెప్టెంబరు పదిహేనున మా వాళ్లు ఆరోగ్య కేంద్రానికి వచ్చి మన ఊరి జాబితా ఇస్తారు. కార్డులు అచ్చయ్యాయి. ఏడు ఎర్రవి, సుక్రుది పోగా యాభై నాలుగు పచ్చవి. పచ్చకార్డు ఉన్నవాళ్లకి పద్నాలుగు రోజుల మాత్ర నిర్భయంగా ఇవ్వొచ్చని దాని మీద రాసి ఉంది. ఆ మాటలు ఎవరి ఉత్తరంలోవో నీకు తెలుసు. జయశ్రీ గారు అడిగిన కాగితం ఇదే. ఇంక ఎవరూ గ్లాసు చూడరు.

సార్ నీ ఉత్తరం చదివి కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. తరవాత, "ఒకటి తీసేద్దాం. అరవై రెండు కాస్తా అరవై ఒకటి అవుతుంది. వ్యాసంలో ఫలితం మారదు" అన్నారు. ఇల్లు పలికితే చాలన్నది ఒక్క సుక్రు విషయంలోనే జరగలేదు సార్, ఆ రోజు ఊరంతా కోతలో ఉంది అన్నాను. "అది నీ ఊహ. కాగితం మీద ఏముంది?" అన్నారు. ఆయన చెడ్డవారు కాదు పిన్నీ. మూడేళ్ల పని ఆయనది. నేనూ నా పని గురించి ఆలోచించకపోలేదు.

ఎర్రకార్డు పొరపాటున వచ్చినవాడికి మాత్ర దక్కదు, జ్వరం తిరగబెడుతుంది. అది కష్టమే, కానీ మనిషి ఉంటాడు. పచ్చకార్డు పొరపాటున వచ్చినవాడి గతి మనం చూశాం. నీకు కచ్చితంగా తెలిసినవి ఎన్నో, చూడనివి ఎన్నో నువ్వు రాయలేదు. రాయాలి.

నువ్వు చెయ్యాల్సింది చెప్తాను. అరవై రెండుమంది ఇళ్లకీ వెళ్లు. ఆ రోజు వేలు చాపింది ఎవరో అడుగు. జాబితాలో పేరు ఒక పక్క, వేలు చాపిన మనిషి పేరు ఇంకో పక్క రాయి. ఎవరూ గుర్తులేదంటే గుర్తులేదనే రాయి, ఊహించి నింపకు. ఒక్కటి కూడా నా కోసం నింపకు. ఊరికే అడిగితే చెప్పరు, భయపడతారు. ముందు నీ సంగతి చెప్పు, మల్లేశుని నువ్వే పంపావని చెప్పు. అప్పుడు చెప్తారు. నీ పని పోవచ్చు. పోదని నేను అబద్ధం చెప్పను. పోలీసుల సంగతి నాకు తెలియదు. కమిటీకి నేనిచ్చే కాగితంలో, గ్లాసు చూడనక్కర్లేదని రాసింది నేనని మొదటి వాక్యంగా రాశాను. మెమోకి జవాబు కూడా అదే. నన్ను ప్రాజెక్టు నుంచి తీసేస్తారని ఆఫీసులో అప్పుడే అనుకుంటున్నారు. తెల్లకోటు తిరిగి ఇవ్వమని అడగలేదు, అడుగుతారు. నాకు భయంగానే ఉంది పిన్నీ. ఇక్కడిదాకా రావడానికి నాకు పద్దెనిమిదేళ్లు పట్టింది.

మల్లేశుతో చెప్పు, పెద్దవాళ్లు పలకమంటే వాడు పలికాడు, అంతకుమించి వాడి చేతిలో ఏమీ లేదు. ఒకసారి చెబితే చాలదు, రోజూ చెప్పు.

వదిన దగ్గరికి వెళ్లు. ఉత్తరం పంపొద్దు, నా ఉత్తరాల వల్ల ఆమెకి జరిగింది చాలు. నువ్వే వెళ్లి ఎదురుగా కూర్చుని నీ నోటితో చెప్పు. ఆమె రక్తం వాణ్ని తొమ్మిదేళ్లు పెంచింది. చంపింది మన మాత్ర, నా జాబితా, నువ్వు పిలిచిన పేరు. అన్న కూడా పక్కన ఉండాలి. ఆమె తిడితే తిట్టనీ. తిట్టకపోతేనే నాకు భయం.

ఈలోగా జ్వరం వచ్చిన ఎవరికైనా, జాబితాలో ఉన్నా లేకపోయినా, గ్లాసు చూడకుండా మాత్ర ఇవ్వకు. మోకాళ్ల సంగతి నాకు తెలుసు. తెలిసే అడుగుతున్నాను.

కమిటీ సెప్టెంబరు పన్నెండున మళ్లీ కూర్చుంటుంది. నీ కాగితం ఉంటే ఏ వేలు ఎవరిదో దిద్ది, అనుమానమున్న ప్రతి ఇంటికీ వెళ్లి మళ్లీ రక్తం తీయమని అడుగుతాను. లేకపోతే అరవై రెండూ నమ్మదగినవి కావని చెప్పడం తప్ప నాకు దారి లేదు. అలా చెబితే జాబితా మొత్తం చెత్తబుట్టలో పడుతుంది. అప్పుడు నిజంగా లోపం ఉన్నవాళ్లకి కూడా రేపటి నుంచి పద్నాలుగు రోజుల మాత్ర ఇచ్చేస్తారు. ఆ ఇళ్లన్నీ నీకు తెలుసు.

సంత జీపుని నమ్ముకోకు. హుకుంపేట వెళ్లి స్పీడుపోస్టులో వెయ్యి. సెప్టెంబరు పదో తేదీలోగా నీ జవాబు నాకు అందాలి.

నిర్మల